అవతలి గట్టున వెండెల్

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మళ్ళీ ఏదో అన్నాడు వెండెల్. మైదానానికి అవతలి గట్టున, ఓమహా జట్టు ఆకుపచ్చ కోటు వేసుకుని, వాళ్ళ కోచ్ చెవి పక్కన నిలబడి. ఆకుపచ్చ వాడికి బొత్తిగా నప్పలేదనుకున్నాడు డుడెక్, ఇవతలి గట్టున బల్ల మీద కూర్చుని. ఆరేళ్ళపాటు టొలీడో నీలం చొక్కాలో తన పక్కనే కూర్చున్న మనిషి. నవ్వినప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం వాడికి మొదటినుంచీ అలవాటే, ముందుపన్ను సగం విరిగి ఉంటుంది కాబట్టి. కట్టించుకోరా బాబూ అంటే సీజన్ అయ్యాక చూద్దాంలే అని ఆరు సీజన్లూ దాటేశాడు. మరి ఇప్పుడా చెయ్యి నవ్వుకి అడ్డమా, మాటకి అడ్డమా? ఇంత దూరం నుంచి ఎలా తెలుస్తుంది. బల్ల కింద గొట్టంలోంచి వేడిగాలి వస్తోంది, పిర్రలు కాలుతున్నాయి, ముక్కు మాత్రం ఊడి కింద పడేట్టుంది. ఈరీ సరస్సు మీదనుంచి వచ్చే గాలి గోల్ కర్రల చివర కట్టిన రిబ్బన్లని పీకి పారేస్తోంది. రెండో సగం ఇప్పుడే మొదలైంది, టొలీడో రెండు పాయింట్లు వెనకబడి ఉంది, స్టేడియం నిండా జనం కాళ్ళు నేలకేసి కొడుతున్నారు, చలికో, కోపానికో. ఈ ఆట చివరికి తన ఊపిరి దగ్గర తేలుతుందేమోనని వీళ్ళలో ఒక్కడికీ తెలియదు. అవతలి గట్టున ఉన్న ఆ ఒక్కడికి తప్ప.

ఊపిరి సంగతి తలుచుకోకూడదనే అనుకున్నాడు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో పదిహేనేళ్ళుగా అతను చేస్తున్నది ఒకే పని, దాన్ని చెబితే పెళ్ళిళ్ళలో కొత్త చుట్టాలు నవ్వేవాళ్ళు. నడుం వంచి, కాళ్ళ సందులోంచి లోకాన్ని తలకిందులుగా చూస్తూ, బంతిని వెనక్కి విసరడం. వెనక కొన్ని గజాల దూరంలో హోల్డర్ మోకాలి మీద కూర్చుని ఉంటాడు. వాడు దాన్ని అందుకుని నేల మీద నిలబెడతాడు, బంతి మీది కుట్లు గోల్ వైపు తిరిగేట్టు. కిక్కర్ పరుగెత్తుకొచ్చి తన్నుతాడు. విసరడం, నిలబెట్టడం, తన్నడం మూడూ కలిపి ఒక తుమ్ము తుమ్మినంత సేపు పట్టదు. లాంగ్ స్నాపర్ అంటారు తన ఉద్యోగాన్ని. అభిమానులు ఎవరూ ఆ చొక్కా కొనుక్కోరు. తన్నుల కోసమే ఉండే స్పెషల్ టీమ్స్ మైదానంలోకి దిగుతున్నాయంటే చాలు, జనం లేచి మూత్రాలకీ బీరు వరసలకీ పోతారు. సొంత జట్టువాళ్ళే జీతం తీసుకునే ప్రేక్షకులని పేరు పెట్టారు, డుడెక్‌నీ, కిక్కర్ రిగోనీ, వెండెల్‌నీ కలిపి. జట్టు ముందుకి పోలేనప్పుడు బంతిని దూరంగా తన్నేసే పంట్లు కొట్టేదీ వెండెలే, రిగో తన్నేటప్పుడు బంతి పట్టి నిలబెట్టేదీ వెండెలే. మిగతా యాభైమంది ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి ఎముకలు విరగ్గొట్టుకుంటుంటే ఈ ముగ్గురూ మైదానం ఓ మూల చేరి, ఏ ఊళ్ళో ఏ కొట్టులో శాండ్‌విచ్ బాగుంటుందో వాదించుకునేవాళ్ళు. స్పెషల్ టీమ్స్ కోచ్ బాగ్లీ ఒక్కడికే వీళ్ళంటే లెక్క. "ఆట ముక్కాలి పీటరా నాయనా," అనేవాడు ప్రతి ఆగస్టులోనూ, గొంతు బొంగురుపోయేదాకా. "దాడి చేసేవాళ్ళొక కాలు, కాపు కాసేవాళ్ళొక కాలు, మనం మూడోది. ఆ రెండు కాళ్ళకీ రోజూ నూనె రాస్తారు. మనకి చెదలు పట్టినా ఎవడూ చూడడు. పీట కూలిపడ్డాక మాత్రం అందరూ మనవైపే చూస్తారు." అది నిజమే. తను పదిహేనేళ్ళలో వేసిన వేలకొద్దీ బంతుల్లో, ఎవరైనా గుర్తుపెట్టుకున్నది డెన్వర్‌లో వెండెల్ తల మీదుగా పోయిన ఒక్కదాన్నే.

ఆ రోజు కూడా వెండెల్ తప్పు తనమీద వేసుకున్నాడు. విలేకరులు చుట్టుముడితే, సూర్యుడు కళ్ళలో పడ్డాడు, నేనే అందుకోలేకపోయాను అన్నాడు. ఆకాశమంతా మబ్బు. ఎవరూ పట్టించుకోలేదు. బస్సులో డుడెక్ పక్కన కూర్చుని, "నువ్వు నాకు ఒక పళ్ళ డాక్టరు బిల్లు బాకీ," అన్నాడు, చెయ్యి అడ్డం పెట్టుకుని.

ఆ తర్వాతి చలికాలమే ఊపిరి సంగతి బయటపడింది. ప్రాక్టీసు మైదానంలో గడ్డి కింద నేల ఇనుములా ఉంది, మిగతావాళ్ళంతా లోపలికి పోయారు, రిగో కూడా పోయాడు, ఇంకో పది వేద్దామని వీళ్ళిద్దరే మిగిలారు. "ఒరేయ్, నీ పొగ ఆగిపోతుందిరా," అన్నాడు వెండెల్, మోకాలి మీంచి లేవకుండానే. ఏం పొగ అన్నాడు డుడెక్. "నీ నోట్లోంచి వచ్చే పొగరా. ఈ చలికి అందరికీ వస్తూనే ఉంటుంది కదా. నువ్వు బంతి వదలబోయే ముందు నీది ఆగిపోతుంది. ఒక్క గుటక సేపు. ఆ వెంటనే బంతి వస్తుంది. ప్రతిసారీ." బంతి ఎప్పుడు కదులుతుందో అవతలివాళ్ళకి ముందే తెలియడమంటే సామాన్యమా. గీత చివర నిలబడే పరుగుగాడికి అర గుటక చాలు, వచ్చి తన్నిన బంతికి అరచెయ్యి అడ్డం పెట్టేస్తాడు. ఎండాకాలం కనపడదు, కప్పు వేసిన స్టేడియాల్లో ఆడితే కనపడదు, ఇలాంటి చలిలోనే కనిపిస్తుంది. తమ సొంత మైదానమేమో సరస్సు ఒడ్డున. మానుకుంటాను అన్నాడు. వెండెల్ వద్దన్నాడు. "మానకు. నాకదే గంట. ఆ పొగ ఆగిందంటే నా చేతులు వాటంతటవే లేస్తాయి. ఎవడూ నీ మూతి వంక చూడడులే, నా అంత పనిలేనివాడు ఈ లీగులో ఇంకోడు లేడు." అలా ఆ గుట్టు ఇద్దరి మధ్యా ఉండిపోయింది. కోచ్‌కి చెప్పలేదు, రిగోకి కూడా చెప్పలేదు. కాపురం చేసినన్నాళ్ళూ భార్యతో ఇలాంటి గుట్టు ఒక్కటీ లేకపోయింది డుడెక్‌కి. ఆమె డేటన్ వెళ్ళిపోయేటప్పుడు, నీతో ఉంటే ఖాళీ గదిలో ఉన్నట్టుంటుంది అంది. అబద్ధం కాదు. తను మాట్లాడేదంతా ఆ మోకాలి మీద కూర్చున్న మనిషితోనే, అదీ నోరు తెరవకుండా.

అరుపులు. ఏమైంది? టొలీడోవాళ్ళు ఎవరో పడ్డారు, లేచారు. మూడో ప్రయత్నం. ఇదీ పోతే పంట్. డుడెక్ లేచి ప్రాక్టీసు వల దగ్గరికి వెళ్ళి రెండు బంతులు వెనక్కి వేశాడు, లాకీ చేతుల్లోకి. కొత్త హోల్డర్ లాకీ, ఆస్ట్రేలియా మనిషి, అక్కడి వేరే రకం ఫుట్‌బాల్ ఆడీ ఆడీ, కాలు బాగుందని ఎవరో చెబితే ఇక్కడికొచ్చాడు. మంచివాడే. మంగళవారం మధ్యాహ్నం వచ్చి లాకర్ తెరిస్తే లోపల వెండెల్ చెప్పులు ఇంకా ఉన్నాయి. ఇవి ఎవరివి తాతా అని అడిగాడు. ముప్పై ఎనిమిదేళ్ళకే డుడెక్ అందరికీ తాత అయిపోయాడు. నావే అన్నాడు డుడెక్, తీసి సంచిలో పడేసుకున్నాడు. అవి ఇప్పటికీ కారు వెనక సీటులో ఉన్నాయి.

మంగళవారం. వెండెల్ పంట్లు ఏడాదిగా పొట్టివైపోతున్నాయి, అది గుడ్డివాడికైనా తెలుసు. అంతకు ముందు ఆదివారం రెండు పంట్లని అవతలివాళ్ళు వెనక్కి మోసుకొచ్చి ఆట గెలిచేశారు, పీట కూలింది, అందరూ మూడో కాలి వైపు చూశారు. పొద్దున్నే పిలిచి చెప్పేశారు. వాడే మెసేజ్ పెట్టాడు, నన్ను పీకేశారురా అని, కింద నవ్వు బొమ్మ పెట్టి. డుడెక్ జవాబుగా అయ్యో అని రాశాడు. అది బాలేదని కొట్టేశాడు. ఇంకేదో రాశాడు, అదీ కొట్టేశాడు, చివరికి మళ్ళీ అయ్యో అనే పంపాడు. సాయంత్రం పోలిష్ బేకరీకి వెళ్ళి వెండెల్ పిల్లలకి ఇష్టమని, జామ్ నింపిన బూరెల్లాంటి పొంచ్కీలు డబ్బా నిండా కట్టించుకుని వాళ్ళ వీధి దాకా వెళ్ళాడు కూడా. ఇంటి ముందు కారు డిక్కీ తెరిచి ఉంది. వెండెల్ భార్య కోరిన్ పిల్లల స్కేటింగు బూట్లు లోపల సర్దుతోంది, తల ఎత్తలేదు. డుడెక్ బండి వేగం తగ్గించాడు, ఆపలేదు. ఈ వృత్తిలో ఉన్నవాళ్ళకి అదొక జబ్బు. ఎవడికైనా కోత పడిందంటే పక్కవాళ్ళు వాడి లాకర్ వైపు చూడకుండా బూట్ల తాళ్ళు కట్టుకుంటారు, వాడి మీద జాలి లేక కాదు, అంటుకుంటుందని. ఆ ఇంట్లో ప్రతి గురువారం రాత్రీ తను భోంచేశాడు, భార్య వదిలి వెళ్ళిపోయాక మూడేళ్ళు, ఒక్క వారం తప్పకుండా. చిన్నది కాత్యా తన కాళ్ళ సందులోంచి బంతి విసరడం నేర్చుకుంటానని సోఫా దిండ్లు విసిరేది. ఆ పొంచ్కీలు ఇంటికి తెచ్చుకుని నిలబడే నాలుగు తిన్నాడు, తక్కినవి పారేశాడు.

మర్నాడు మధ్యాహ్నానికి కబురు వచ్చింది, వెండెల్‌ని ఓమహావాళ్ళు తీసుకున్నారని. ఓమహాకి పంట్ కొట్టేవాడు ఉన్నాడు, బాగా కొడతాడు కూడా. మరి వెండెల్ ఎందుకు? ఎందుకో అందరికీ తెలుసు. వచ్చే ఆదివారం ఎవరితో ఆటో, వాళ్ళు వదిలేసిన మనిషిని ఒక వారానికి తెచ్చుకోవడం ఈ వ్యాపారంలో పాత అలవాటు. కాలి కోసం కాదు, నోటి కోసం. బాగ్లీ ఆ రోజే సైగలన్నీ మార్చేశాడు, పిలుపులన్నీ మార్చేశాడు, ఒక్కొక్కళ్ళనీ పక్కకి పిలిచి అడిగాడు. "నీ లోపాలేమన్నా వాడికి తెలుసా డుడెక్?" లేవు కోచ్ అన్నాడు. "వాడికి తెలిసి నాకు తెలియనిది ఏదన్నా ఉందా?" లేదు కోచ్ అన్నాడు మళ్ళీ. ఇంకేమంటాడు? ఊపిరి బిగబడతానని చెబితే, మూడేళ్ళు దాచావా అంటాడు. ముప్పై ఎనిమిదేళ్ళ స్నాపర్, గుట్టు బయటపడ్డ స్నాపర్, ఇంకో మంగళవారం దాకా ఉంటాడా? దేశంలో ప్రతి కాలేజీలోనూ కాళ్ళ సందులోంచి బంతి విసరగలిగే కుర్రాళ్ళు ఇద్దరేసి ఉన్నారు. ఇది పోతే తనకింకో పని రాదు. ఇంకో పని సంగతి దేవుడెరుగు, ఇంకో మనిషి లేడు. కాబట్టి ఎవరికీ చెప్పలేదు. ఈ వారమంతా సాయంత్రాలు అపార్ట్‌మెంటు కింద కార్ల మధ్య, స్తంభానికి పరుపు ఆనించి, ఊపిరి వదులుతూ బంతి వెయ్యడం ప్రాక్టీసు చేశాడు. పదిహేనేళ్ళ అలవాటు, ఒంటికి ఎక్కిపోయింది. ఊపిరి వదిలితే భుజం ముందే జారిపోతుంది, పదిలో రెండు బంతులు పరుపు తప్పి ఎవరివో కారు తలుపుల మీద పడ్డాయి. పైఅంతస్తు ముసలావిడ కుక్కని తీసుకుని దిగి, ఇంత పెద్ద మనిషికి ఇదేం ఆట అన్నట్టు చూసి పోయింది.

పంట్ అవసరం పడలేదు. మూడో ప్రయత్నం గట్టెక్కింది. మళ్ళీ బల్ల మీద కూర్చున్నాడు. మొదటి సగంలో మూడుసార్లు వంగాడు, రెండు ఒంటి పాయింటు తన్నులకీ, ఒక పంట్‌కీ, మూడుసార్లూ పాత పద్ధతిలోనే ఊపిరి బిగబట్టాడు. మార్చబుద్ధి కాలేదు. మారిస్తే వెండెల్‌ని ముఖాన్నే దొంగా అని పిలిచినట్టు. ఆ మూడుసార్లూ వాళ్ళు ముందే కదిలారా? అదే తెలియడం లేదు. బంతి వదిలిన క్షణంలో ఎవడో వచ్చి మెడ మీద పడతాడు, తనకి కనిపించేది గడ్డి, ఎవరివో బూట్లు, అంతే. బల్ల దగ్గర ఉంచే టాబ్లెట్ మీద ఫోటోలు తిరగేశాడు. ఈ లీగువాళ్ళు ఆటగాళ్ళకి నిలిచిపోయిన ఫోటోలే చూపిస్తారు, కదిలే బొమ్మ చూపించరు. మొదటి ఫోటోలో అందరూ వంగి ఉన్నారు. రెండోదాంట్లో అందరూ లేచి ఉన్నారు. తనకి కావలసింది ఆ రెంటి మధ్యా ఉంది, దాన్ని ఎవరూ తియ్యలేదు.

"లాకీ, ఇందాక పంట్‌కి వాళ్ళు ముందే కదిలారా?"

"నేను బంతినే చూస్తా తాతా. మా అమ్మొచ్చి ఎదురుగా నిలబడ్డా చూడను."

"చివరివాడి చెయ్యి దగ్గరికొచ్చిందా?"

"గాలి తగిలింది, చెయ్యి తగల్లేదు. ఏం?"

"ఊరికే."

చెయ్యి గాలి తగిలిందంటే? మామూలు ఆటలోనూ తగులుతుంది. అయినా ఇలాంటి గుట్టు ఒక్కసారికే పనికొస్తుంది, వాడితే అవతలివాళ్ళు మేలుకుంటారు, అంచేత చివరి తన్ను దాకా దాచుకుంటారు. తనైనా అంతే చేస్తాడు. రిగోని అడుగుదామా? రిగో అవతల ఒంటరిగా వలలోకి తన్నుకుంటున్నాడు, పెదాలు కదుపుకుంటూ, మనవరాలిని జోకొట్టే అమ్మమ్మలాగా. అప్పుడే ఆట నాలుగో భాగంలో పడింది, నాలుగో భాగంలో కిక్కర్‌తో ఎవరూ మాట్లాడరు, ఎంత స్నేహితులైనా సరే. అంతకుముందైతే వెండెల్ ఉండేవాడు. వెండెల్, తను పక్కపక్కన కూర్చుని ఏమీ మాట్లాడుకునేవాళ్ళు కాదు, ఒకే పొట్లంలోంచి పొద్దుతిరుగుడు గింజలు నములుతూ తొక్కలు ఉమ్మేవాళ్ళు. ఇవాళ పొట్లం తెచ్చుకున్నాడు, విప్పలేదు. ఆటకి ముందు ఇద్దరూ మైదానంలో గాలి చూసుకునేటప్పుడు ఎదురుపడ్డారు కూడా. ఏరా అన్నాడు వెండెల్. ఏరా అన్నాడు తను. పిల్లలు బాగున్నారా? బాగున్నారు. అంతే. చెప్పావా అని అడిగి ఉండొచ్చు. అడిగితే వాడు లేదనేవాడు, చెప్పినా లేదనేవాడు, చెప్పకపోయినా లేదనేవాడు, అప్పుడు తనకి మిగిలేదేమిటి? వెండెల్ చెప్పడు. డెన్వర్‌లో లేని సూర్యుణ్ణి కళ్ళలో వేసుకున్న మనిషి. కానీ ఇద్దరు పిల్లలు, కొత్త ఇల్లు, ముప్పై ఐదేళ్ళు, పొట్టివైపోతున్న పంట్లు. వాడి చోట తనుంటే? తనైతే, అనుకుని అక్కడ ఆగిపోయాడు డుడెక్, ఆ ఆలోచనని ముందుకు పోనివ్వలేదు.

దీపాలు ఎప్పుడు వెలిగాయో చూసుకోలేదు. సరస్సు వైపు ఆకాశం బూడిదరంగుకి తిరిగింది. అటూ ఇటూ ఒక్క పాయింటు కూడా మారలేదు, ఓమహావాళ్ళు బంతిని గుండెకి కరుచుకుని గడియారాన్ని అరగదీస్తున్నారు, డుడెక్ మనసులో ఒక పాపిష్టి ఆశ పుట్టింది: ఇలాగే అయిపోతే బాగుండును. టొలీడో ఓడిపోతే ఓడిపోనీ. చివరి తన్ను రాకపోతే వెండెల్ చెప్పాడో లేదో తనకి ఎప్పటికీ తెలియదు, గురువారాలు మళ్ళీ ఉండొచ్చు, ఎక్కడో ఒకచోట, ఎప్పుడో ఒకప్పుడు. సొంత జట్టు ఓడిపోవాలని కోరుకున్నందుకు సిగ్గేసింది, కోరిక మాత్రం పోలేదు. అప్పుడే బంతి ఓమహావాడి చేతుల్లోంచి జారింది. ఎవరు దూకారో, ఎవరు పట్టారో, స్టేడియం మొత్తం ఒక్కసారి లేచింది, టొలీడోవాళ్ళు రెండు ప్రయత్నాల్లో ముప్పై గజాలు పోయారు, ఇంకో మూడు ప్రయత్నాలు గోడకి కొట్టిన బంతుల్లా తిరిగొచ్చాయి, గడియారంలో నాలుగు సెకన్లు మిగిలాయి. బాగ్లీ వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "ఎప్పట్లాగే వేసెయ్ డుడెక్. ఎప్పట్లాగే."

నడిచి వెళ్ళాడు. యాభై రెండు గజాల తన్ను, కర్రల మధ్యనుంచి పోతే మూడు పాయింట్లు, ఈ గాలిలో రిగోకి అది ఆఖరి అంచు. చుట్టూ నోళ్ళలోంచి, ముక్కుల్లోంచి పొగలు. ఎప్పుడూ చెయ్యని పని ఒకటి చేశాడు, వంగే ముందు తలెత్తి చూశాడు. ఎడమ చివర ఆకుపచ్చ చొక్కా, మునివేళ్ళ మీద నిలబడ్డాడు. ఆ చోట నిలబడేవాళ్ళందరూ బంతిని చూస్తారు. వాడి కళ్ళు బంతి మీద లేవు, డుడెక్ మూతి మీద ఉన్నాయి. అవునా? లేక ఊరికే ఎదుటివాడి ముఖం చూశాడా? అవతలి గట్టు మీద వెండెల్ కోసం వెతకలేదు, వెతికితే దొరుకుతాడని భయం. వంగాడు. లోకం తలకిందులైంది, పైన గడ్డి, కింద దీపాలు, మధ్యలో లాకీ చెయ్యి చాపి వేళ్ళు ఊపాడు, మేము సిద్ధం అని. ఇక్కడినుంచి బంతి ఎప్పుడు వదలాలన్నది స్నాపర్ ఇష్టం. లోకంలో ఇంకెవరి ఇష్టమూ కాదు. ఊపిరి తీశాడు, వదిలాడు. తీశాడు. గొంతు దగ్గర పట్టి ఆపేశాడు. చేతులు వెయ్యబోయాయి, పదిహేనేళ్ళ చేతులు, వాటిని బంతికి అదిమిపెట్టి ఉంచాడు. ఒక్క గుటక. వెండెల్, కదలనివ్వకురా, వాణ్ణి అక్కడే నిలబడనివ్వు.

బూట్ల చప్పుడు. ఆకుపచ్చ చొక్కా పక్కనుంచి దూసుకొచ్చి లాకీ దాకా పోయి, బంతి లేదని తెలిసి తూలి పడింది. విజిల్. రిఫరీ విసిరిన పసుపు రుమాలు గాల్లో తిరిగి గడ్డి మీద పడింది. బంతి ఇంకా డుడెక్ చేతుల కిందే ఉంది. బంతి కదలకముందే గీత దాటినందుకు ఆఫ్‌సైడ్, టొలీడోకి ఐదు గజాలు ముందుకి. జనం చెవులు చిల్లులు పడేట్టు అరుస్తున్నారు, సొంత జట్టువాళ్ళు వచ్చి హెల్మెట్ మీద చరుస్తున్నారు, భలే బోల్తా కొట్టించావు తాతా అంటున్నారు, డుడెక్ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. చెప్పాడన్నమాట. చెప్పాడు. అరుపుల మధ్య నిలబడి అతనికి ఏడుపొచ్చింది, పెళ్ళాం కారెక్కి వెళ్ళిపోయిన రోజు కూడా రాని ఏడుపు. మూడేళ్ళు ఆ పొగని ఇద్దరే చూశారు. ఇప్పుడు ఓమహా గదుల్లో ఎవరో తెర మీద బొమ్మ వేసి, కర్రతో చూపించి, ఇదిగో ఇక్కడ ఆగుతుంది అని చెప్పి ఉంటారు, కుర్ర ఆటగాళ్ళు కిసుక్కున నవ్వి ఉంటారు. మళ్ళీ వంగమంటున్నారు. వంగాడు. ఈసారి ఊపిరి ఆపలేదు, వదులుతూ వేశాడు, భుజం ముందే జారింది, బంతి ఎడమకి, కొంచెం ఎత్తుగా పోయింది, లాకీ ఏం చేశాడో ఎలా నిలబెట్టాడో తెలియదు, రిగో కాలు తగిలిన చప్పుడు విన్నాడు, తర్వాత ముగ్గురు మనుషులు తన మీద ఉన్నారు, నోటినిండా గడ్డి. గెలిచారని జనం చెప్పారు.

మైదానం మధ్యలో అందరూ కలగలిసిపోయారు. వెండెల్ జనాన్ని తప్పించుకుంటూ వచ్చాడు, వస్తాడని డుడెక్‌కి తెలుసు. దగ్గరగా చూస్తే ఆ కోటు వాడికి వదులుగా ఉంది, ఎవరిదో అడిగి వేసుకున్నట్టు.

"వచ్చిన రోజే అడిగారు, ఏమీ లేదన్నాను," అన్నాడు వెండెల్. "మర్నాడు పొద్దున్న అడిగారు, లేదన్నాను. ఆ రాత్రి కోరిన్ ఫోన్ చేసి, పిల్లల స్కూలు మాన్పించాలా, ఉంచాలా అంది. సీజన్ చివరిదాకా ఉంచుతామన్నారురా వీళ్ళు. అప్పుడు చెప్పాను. గురువారం రాత్రి."

"నేను అడగలేదు."

"నువ్వు అడగవు. అందుకే చెబుతున్నా." బూటుతో గడ్డిని తన్నాడు. "ఊపిరి వదులుతూ వెయ్యడం ఎప్పుడు నేర్చుకున్నావు?"

బుధవారం. కబురు బుధవారం మధ్యాహ్నం తెలిసింది, సాయంత్రం పొద్దు గుంకకముందే పరుపు భుజాన వేసుకుని కార్ల దగ్గరికి దిగాడు. ఒక్క ఫోన్ చెయ్యలేదు, ఒక్క మాట అడగలేదు. తను అక్కడ స్తంభానికి బంతులు కొడుతున్న వేళకి, ఓమహాలో ఏదో గదిలో కూర్చుని వెండెల్ తన గురించి ఏమీ లేదు అంటున్నాడు. ఆ మర్నాడు పొద్దున్న కూడా అంటున్నాడు. తనేమో, వాడు చెప్పేస్తాడనుకుని, అప్పటికే వాణ్ణి వదిలేశాడు. చెబితే సరిపోతుంది. ఇద్దరూ నవ్వుకోవచ్చు కూడా.

"నేర్చుకోలేదు," అన్నాడు డుడెక్. "ఇందాక అక్కడికక్కడే తోచింది, అంతే."

వెండెల్ అతని ముఖంలోకి చూశాడు. "అంటే ఇందాకటిదాకా నన్ను నమ్మావు."

డుడెక్ నోట్లో మిగిలిన గడ్డిపరక తీసి పారేసుకున్నాడు. వెండెల్ తల ఊపాడు, రెండుసార్లు, ఆకుపచ్చ చొక్కాల వెనక నడుస్తూ వెళ్ళిపోయాడు, భుజాలు రెండూ ముందుకి పడి, తప్పంతా ఒక్కడే మోసుకుంటూ. ఎవరో వచ్చి డుడెక్‌ని నడుం పట్టుకుని పైకెత్తారు, తాతా తాతా అని అరిచారు, లౌడ్‌స్పీకర్‌లో అతని పేరు వినిపించింది, జనం పేరు పట్టుకుని కేకలేశారు. వాళ్ళ భుజాల మీదనుంచి వెండెల్ వీపు బాగా కనిపిస్తోంది. అతిథి జట్టు లోపలికి పోయే దారి దాకా చేరలేదింకా, ఒక్క కేక వేస్తే వినిపించే దూరం. డుడెక్ పిలవలేదు.